కడుపుతో ఉన్నప్పుడు చేపలు: వంజరం వద్దు, కానగంతలు తెచ్చుకోండి

నెల తప్పిందని తెలియగానే చాలా ఇళ్లలో ముందు ఆపేసేది చేపలే. వేడి చేస్తుందంటారు. దయచేసి ఆపకండి. బిడ్డ మెదడుకీ కళ్లకీ కావలసిన డీహెచ్‌ఏ అనే ఒమేగా-3 కొవ్వు చేపల్లో దొరికినంత తేలిగ్గా ఇంకెందులోనూ దొరకదు. వారానికి రెండు మూడుసార్లు, ముల్లు తీసేసి, వండకముందు తూచితే పూటకు 110 గ్రాముల చేప తినొచ్చు. ఏ చేప అన్నదే అసలు సంగతి.

హైదరాబాద్‌లో సముద్రపు చేప అనగానే వంజరం అడుగుతారు. అది చిన్న చేపల్ని తిని పెరిగేది. వాటి ఒంట్లోని పాదరసం దీని కండలో పేరుకుంటుంది. చర్మం ఒలిచినా, గంటసేపు ఉడికించినా పోదు. దీని దగ్గరి చుట్టం కింగ్ మాకెరెల్‌ను గర్భిణులు అసలు తినొద్దని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చెబుతుంది. అందుకే ఈ తొమ్మిది నెలలూ వంజరం, సొరచేప రెండూ వద్దు. బాలింతకు సొరపుట్టు పెట్టే ఇళ్లూ ఆలోచించాలి, పాదరసం పాలల్లోకీ దిగుతుంది. కానగంతలు, కవళ్లు, నెత్తళ్లు, రొయ్యలు పాదరసం విషయంలో నిశ్చింతగా తినొచ్చు.

హైదరాబాద్ రాంనగర్ చేపల మార్కెట్‌కు సముద్రపు చేప వందల కిలోమీటర్లు ఐసులో వస్తుంది. మొప్ప ఎత్తి చూడండి, ఎర్రగా ఉండాలి. గోధుమరంగుకు తిరిగితే వదిలేయండి. వేలితో నొక్కితే గుంట వెంటనే పూడాలి. కానగంతల దగ్గర మరీ జాగ్రత్త. ఐసు తగ్గితే వాటిలో హిస్టమిన్ అనే హానికర పదార్థం పుడుతుంది, వేయించినా పోదు. తిన్న కాసేపటికే మొహం ఎర్రబడి, తలనొప్పి, వాంతులు మొదలవుతాయి. నాలుక మీద మిరియంలా చురుక్కుమంటే ఆ ముద్ద ఉమ్మేయండి.

వేపుడులో పైన మసాలా మాడినా నడిముల్లు దగ్గర కండ పచ్చిగానే ఉండిపోతుంది. ముక్కలు పలచగా కొట్టించి, సన్నసెగన మూతపెట్టి మగ్గించండి. ముల్లు పక్కన చాకుతో విప్పి చూస్తే కండ తెల్లగా, పొరలుగా విడిపోవాలి. నిమ్మరసంలో నానినా తెల్లబడుతుంది, అది ఉడికినట్టు కాదు.

చేపల పులుసు మర్నాడే రుచి, నిజమే. కానీ దించిన రెండు గంటల్లోపు, ఎండాకాలమైతే గంటలోపే ఫ్రిజ్‌లో పెట్టాలి. తినేముందు కుతకుతలాడించాలి. లిస్టీరియా అనే బ్యాక్టీరియా ఫ్రిజ్ చలిలోనూ పెరుగుతుంది. తల్లికి మామూలు జ్వరంలాగే ఉంటుంది, కడుపులో బిడ్డకు మాత్రం ప్రాణాపాయం. పులుసు మూడోరోజుకు ఉంచకండి. జ్వరం, ఒళ్లునొప్పులు వస్తే ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లి, ఏ చేప ఎప్పుడు తిన్నారో కూడా చెప్పండి.