జార్జ్ బెస్ట్ ఊళ్ళో మందు మానేశాను

మా పాపే ముందు చూసింది. 2022 సెప్టెంబర్‌లో ఒక ఆదివారం పొద్దున ఇద్దరం బాత్రూమ్‌లో పక్కపక్కన నిలబడి పళ్ళు తోముకుంటుంటే అద్దంలో నా మొహం కేసి చూసి, "నాన్నా, నీ కళ్ళకి పసుపు రాసినట్టుంది" అంది. దానికప్పుడు తొమ్మిదేళ్ళు. నిద్ర సరిపోలేదమ్మా అన్నాను. అప్పటికి మూడు వారాల నుంచి మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తోంది, పొట్ట ఉబ్బి ప్యాంటు గుండీ పట్టడం లేదు, సాయంత్రానికి కాళ్ళు వాచి సాక్సుల అచ్చులు లోతుగా పడుతున్నాయి. అన్నీ తెలుసు. తెలిసే దాచాను.

నేను సికింద్రాబాద్ వాణ్ణి. 2014 నుంచి ఉత్తర ఐర్లాండ్‌లోని బెల్‌ఫాస్ట్‌లో ఉంటున్నాం, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మొదట్లో శుక్రవారం సాయంత్రాలు ఆఫీసు వాళ్ళతో రెండు బీర్లు తాగేవాణ్ణి, అంతే. కోవిడ్‌లో ఇంటినుంచే పని కావడంతో ఆఫీసుకీ ఇంటికీ మధ్య ఉన్న ఆ బస్సు ప్రయాణం కూడా లేకుండా పోయింది. ల్యాప్‌టాప్ మూయగానే గ్లాసు తీసేవాణ్ణి. తర్వాత మూయకముందే తీయడం మొదలైంది. చివరి ఏడాది రెండు రోజులకో ఫుల్ బాటిల్ విస్కీ అయిపోయేది. చెప్పుల స్టాండులో, పాత వానబూట్ల లోపల దాచేవాణ్ణి. మా ఆవిడకి తెలుసని నాకు తెలుసు, తనకి తెలుసన్న విషయం నాకు తెలియనట్టు ఇద్దరం కాపురం చేశాం.

పాప ఆ మాట అన్న రోజు భయం వేసి నాకు నేనే మందు మానేశాను. డాక్టర్‌కి చెప్పకుండా, ఒక్కసారిగా. ఎవరైనా ఇది చదువుతుంటే దయచేసి ఈ పని మాత్రం చేయకండి. మంగళవారానికి చేతులు వణికి కాఫీ కప్పు పట్టుకోలేకపోయాను, రాత్రికి గోడ మీద చీమల బారు కనబడింది, లేని చీమల్ని చేత్తో దులుపుతున్నానట. మా ఆవిడ అంబులెన్స్‌కి ఫోన్ చేసింది. రోజూ తాగే మనిషి ఉన్నట్టుండి ఆపేస్తే ఫిట్స్ రావచ్చనీ, ప్రాణమే పోవచ్చనీ, అందుకే ఆసుపత్రిలో మందులిచ్చి మెల్లగా దింపుతారనీ తర్వాత తెలిసింది. చేరగానే చేతికి బి1 విటమిన్ డ్రిప్ ఎక్కించారు. ఏళ్ళ తరబడి తాగితే అది ఒంట్లో అయిపోయి మెదడు దెబ్బతింటుందట.

బిలిరుబిన్ 280 ఉంది. ఇక్కడి లెక్కలో 21 లోపు ఉండాలి. మన లెక్కలో పదహారు పైచిలుకు. లివర్ వాచిపోయింది, అప్పటికే గట్టిపడిపోయింది కూడా, అంటే సిర్రోసిస్. పొట్టలోంచి ట్యూబు పెట్టి ఒకే రోజు ఏడు లీటర్ల నీరు తీశారు. మంచం పక్కన వేలాడుతున్న సంచి నిండుతుంటే చూస్తూ పడుకున్నాను, లేత పసుపు రంగు, అచ్చం బియ్యం కడిగిన నీళ్ళలో చిటికెడు పసుపు కలిపినట్టు. ఆ ద్రవం నేనేనా అనిపించింది.

అమ్మకి కామెర్లు అని మాత్రమే చెప్పాం. "నాయనా, మన దగ్గర పసరు పోసేవాళ్ళు ఉన్నారు, వచ్చేవాళ్ళెవరైనా ఉంటే సీసాలో పోసి పంపిస్తాను" అంది. డాక్టర్‌ని అడిగితే ఆమె చాలా గట్టిగా వద్దంది. కొన్ని ఆకుమందులు లివర్‌ని ఇంకా పాడుచేస్తాయట. పసరుతో తగ్గాయని మనం చెప్పుకునే కామెర్లలో చాలావరకు వైరస్ వల్ల వచ్చి, వాటంతటవే తగ్గిపోయేవి. నావి ఆ కామెర్లు కావు. రెండో వారంలో అమ్మకి అసలు సంగతి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. చివరికి "పక్కన ఎవరైనా ఉన్నారా నీకు" అని అడిగింది.

ఉన్నారు. నా పక్క మంచం మీద డెబ్భై నాలుగేళ్ళ పెద్దాయన. ఆయన లివర్ జబ్బు తాగుడు వల్ల వచ్చింది కాదు. కుర్రాడిగా ఉన్నప్పుడు హార్లాండ్ అండ్ వుల్ఫ్ ఓడల కార్ఖానాలో వెల్డర్‌గా చేరాడు. ఈ ఊరి ఫుట్‌బాల్ ఆటగాడు జార్జ్ బెస్ట్ వాళ్ళ నాన్న డికీ కూడా అక్కడే పనిచేసేవాడు. ఒకరోజు పెద్దాయన కళ్ళజోడు డబ్బాలోంచి మడతపెట్టిన ఐదు పౌండ్ల నోటు తీసి నాకిచ్చాడు. అల్‌స్టర్ బ్యాంకు నోటు, 2006లో బెస్ట్ మొదటి వర్ధంతికి వేసింది. ఒక బొమ్మలో మాంచెస్టర్ యునైటెడ్ చొక్కా, ఇంకోదాంట్లో ఉత్తర ఐర్లాండ్ చొక్కా. 10 లక్షల నోట్లు అచ్చేస్తే కొద్ది రోజుల్లోనే అయిపోయాయి. మడత దగ్గర కాగితం మెత్తబడి, గుడ్డలా అయిపోయింది. వణికే చేతుల్తో పట్టుకుంటే చిరుగుతుందేమోనని దుప్పటి మీద పెట్టుకుని చూశాను.

ఆ పేరు నాకు కొత్త కాదు. మా నాన్న రైల్వే కాలనీ జట్టులో గోల్‌కీపర్. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో బంగారు పతకం గెలిచిన మన ఫుట్‌బాల్ జట్టులో మా సికింద్రాబాద్ బలరాం ఉన్నాడని జీవితమంతా గర్వంగా చెప్పుకున్న మనిషి. బలరాం ఆట కళ్ళారా చూశాను, బెస్ట్ ఆట చూడలేకపోయాను అనేవాడు. నేను బెల్‌ఫాస్ట్ వెళుతున్నానంటే ఆయనకి తట్టిన మొదటి మాట కూడా అదే, "బెస్ట్ ఊరు గదరా!"

ఆ వార్డులో, రాత్రి నిద్రపట్టనప్పుడు, ఫోన్లో పాత మ్యాచ్‌లు వెతుక్కుని చూశాను. 1966 మార్చి 9, లిస్బన్. సొంత మైదానంలో యూరోపియన్ కప్ మ్యాచ్ ఓడిపోవడం ఎరగని పోర్చుగల్ క్లబ్బు బెన్‌ఫికా మీద పంతొమ్మిదేళ్ళ బెస్ట్ పన్నెండు నిమిషాల్లో రెండు గోల్స్ వేశాడు. మాంచెస్టర్ యునైటెడ్ 5-1తో గెలిచింది. పోర్చుగల్ పత్రికలు ఆ జుట్టు చూసి, బీటిల్స్ పాటల బృందం పేరు మీద, బీటిల్ అని పేరు పెట్టాయి. రెండేళ్ళ తర్వాత 1968లో వెంబ్లీలో అదే బెన్‌ఫికా మీద ఫైనల్, అదనపు సమయంలో గోల్‌కీపర్‌ని కూడా దాటుకుని వెళ్ళి ఖాళీ గోల్‌లోకి తోశాడు. ఆ ఏడాదే యూరప్ ఉత్తమ ఆటగాడు. 22 ఏళ్ళు.

నాకు అన్నిటికన్నా నచ్చింది మాత్రం 1970 ఫిబ్రవరి 7. సస్పెన్షన్ ముగిసి తిరిగొచ్చిన మొదటి మ్యాచ్, నార్తాంప్టన్ మీద ఎఫ్‌ఏ కప్ పోటీ, మైదానమంతా బురద. ఆరు గోల్స్ ఒక్కడే వేశాడు. ఆరోది చూడండి. గోల్‌కీపర్ ఎదురొస్తే బెస్ట్ నడుం ఒకవైపు వంచాడు, అంతే, ఆ మనిషి బురదలో కూలబడ్డాడు, బంతి ఇటునుంచి మెల్లగా లోపలికి. నాన్న బతికుంటే ఫోన్ చేసి చెప్పేవాణ్ణి. గోల్‌కీపర్‌గా ఆయనకి ఆ పడిపోవడం ఇంకా బాగా అర్థమయ్యేది.

అదంతా ఆడిన మనిషి 1974 జనవరి తర్వాత యునైటెడ్‌కి ఆడలేదు. 27 ఏళ్ళు అప్పుడు. ఆ తర్వాత అమెరికాలో, స్కాట్లాండ్‌లో, ఫుల్‌హామ్‌లో, ఎక్కడెక్కడో ఆడాడు. తాగి కారు నడిపి, పోలీసు మీద చెయ్యి చేసుకుని 1984 క్రిస్మస్ జైల్లో గడిపాడు. డబ్బంతా మందుకీ, అమ్మాయిలకీ, కార్లకీ ఖర్చుపెట్టాను, మిగిలిందే వృథా చేశాను అని ఆయన అన్నట్టు ఒక జోకు ఉంది గదా, ఇదివరకు నేనూ గ్లాసు చేతిలో పట్టుకుని చెప్పి నవ్వించినవాణ్ణే. ఇప్పుడు వింటే కడుపులో దేవినట్టవుతుంది. ఎందుకంటే వాళ్ళమ్మ సంగతి ఎవరూ ఆ జోకుతో పాటు చెప్పరు. ఆమె నడివయసు దాకా చుక్క ముట్టలేదు, తర్వాత మొదలై, ఆ తాగుడుతోనే 1978లో చనిపోయింది. కొడుకు పేరు పేపర్లలో రోజూ నానుతుంటే ఆ ఇంట్లో కూర్చున్న తల్లి ఆమె.

పక్క మంచం పెద్దాయనకి బెస్ట్ మీద ఎంత ప్రేమో అంత కోపం. 2002 జూలై 30న లండన్ కింగ్స్ కాలేజ్ హాస్పిటల్‌లో బెస్ట్‌కి లివర్ మార్చారు. తాగితే ఒళ్ళు తిప్పే మాత్రల్ని అంతకుముందే పొట్ట లోపల పెట్టి కుట్టారు కూడా. అయినా 2003లో మళ్ళీ మొదలుపెట్టాడు. "ఎవరిదో బిడ్డ లివర్ అది, దాన్ని అలా చేస్తాడా" అన్నాడు పెద్దాయన. నేనేమీ అనలేకపోయాను. ఉత్తర ఐర్లాండ్‌లో లివర్ మార్పిడి చేయరు. అవసరమైతే మమ్మల్ని పంపేది కూడా ఆ కింగ్స్‌కే. నా లివర్ తనంతట తాను ఎంత కోలుకుంటుందో చూసి, మానేసి ఉండగలనని తేలితే అప్పుడు ఆ మాట ఆలోచిద్దామని డాక్టర్ ఆ వారమే చెప్పింది.

ఆ రాత్రంతా దాని గురించే ఆలోచించాను. కామెర్లతో పడుకుని, పొట్ట మీద ట్యూబు కుట్టుతో, నాకు అప్పుడు కూడా మందు కావాలనిపించింది. సరిగ్గా సాయంత్రం ఆరింటికి. నోట్లో నీళ్ళూరాయి. అదే నన్ను చంపుతోందని తెలిసి, రిపోర్టు చూసి, పాప మొహం గుర్తుండీ కూడా. తాగాలనిపించేది లివర్‌కి కాదు. లివర్ మార్చిన డాక్టర్లు గొప్పవాళ్ళే, కానీ ఆ ఆరు గంటల కోరికని కోసి తీసేయడం వాళ్ళ చేతుల్లో లేదు. బెస్ట్ చేసింది తప్పు కాదని నేననను. ఆ అవయవం ఇచ్చిన కుటుంబం ఎంత బాధపడి ఉంటుందో. కానీ బలుపుతో తాగాడు అంటే మాత్రం ఒప్పుకోను. ఆయనకి రెండు జబ్బులున్నాయి, ఒకదానికే ఆపరేషన్ జరిగింది.

పొద్దున్నే ఈ ముక్క పెద్దాయనకి చెప్పాను. ఆయన చాలాసేపు కిటికీ వైపు చూసి, 2005 డిసెంబర్ 3న వానలో నిలబడి బెస్ట్ శవయాత్ర చూశానని చెప్పాడు. దారి పొడవునా లక్షమంది దాకా వచ్చారట. ఈ ఊళ్ళో ప్రొటెస్టెంట్లూ కేథలిక్కులూ ఒకే మనిషి కోసం అలా పక్కపక్కన నిలబడటం మామూలు విషయం కాదు. చనిపోయే ముందు బెస్ట్ కోరిక మీదే పేపర్లో వేసిన ఫోటో నేను అప్పుడే చూశాను. పచ్చబడ్డ మొహం, ట్యూబులు, నాలాగా చావకండి అన్న మాట. ఆ పచ్చదనం నాకు తెలుసు. మా బాత్రూమ్ అద్దంలో చూశాను.

నాకు స్టెరాయిడ్ మాత్రలు ఇచ్చారు. ఏడో రోజు బిలిరుబిన్ తగ్గితే కొనసాగిస్తారు, తగ్గకపోతే ఆపేస్తారు, ఆపితే ఇక చేతిలో పెద్దగా ఏమీ ఉండదు. ఆ ఏడు రోజుల టెన్షన్ నేను రాయలేను. 280 కాస్తా 190కి వచ్చింది. మా ఆవిడ ఆ అంకె విని వార్డు బయటికెళ్ళి ఏడ్చి, మొహం కడుక్కుని లోపలికొచ్చింది. 31 రోజులకి ఇంటికొచ్చాను.

ఇంట్లో కష్టం వేరే రకం. ఉప్పు తగ్గించాలి, అంటే ఆవకాయ లేదు, అప్పడాలు లేవు. అమ్మ వచ్చి ఉప్పులేని కందిపొడి చేసిపెట్టింది. రాత్రి పడుకోబోయే ముందు కచ్చితంగా ఏదో ఒకటి తినాలి, లేకపోతే పాడైన లివర్ తెల్లారేలోగా కండని కరిగించుకుంటుందట. తియ్యటి లాక్టులోజ్ సిరప్ తాగి రోజుకు రెండు మూడు సార్లు విరేచనం అయ్యేలా చూసుకోవాలి, లేకపోతే ఒంట్లోని విషం తలకెక్కి మాట తడబడుతుంది. ఒకసారి రెండు రోజులు మానేస్తే పాప పుట్టినరోజు తేదీ గుర్తు రాలేదు. మళ్ళీ మానలేదు.

ఆరింటికి మాత్రం ఇంట్లో కూర్చోను. వారానికోసారి మానేసినవాళ్ళ గ్రూపుకి వెళతాను, మిగతా రోజులు పాపతో బంతాట. ఒక్కసారి, 2023 మార్చిలో, షాపులో సీసా చేతిలోకి తీసుకున్నాను. కౌంటర్ దాకా వెళ్ళి, అక్కడే పెట్టేసి, బయటికొచ్చి మా ఆవిడకి ఫోన్ చేశాను. "ఎక్కడున్నారో అక్కడే ఉండండి, వస్తున్నా" అంది. చినుకుల్లో పరిగెత్తుకుంటూ వచ్చింది, ఇంటి చెప్పులతోనే.

ఇప్పుడు బిలిరుబిన్ మామూలుకి వచ్చింది. లివర్ గట్టిదనం చూసే స్కాన్‌లో మొదట 38 ఉండేది, మొన్న 14. మచ్చలు పూర్తిగా పోవు, ఆరు నెలలకోసారి క్యాన్సర్ కోసం స్కాన్ చేయించుకోవాలి, అది ఇక జీవితాంతం. మూడేళ్ళు దాటింది ముట్టుకోక.

పెద్దాయనతో ఇప్పటికీ మాట్లాడుతుంటాను. కిందటి నెల ఆయన్ని, పాపని తీసుకుని రోజ్‌లాన్ శ్మశానానికి వెళ్ళాం. బెస్ట్‌ని వాళ్ళమ్మ పక్కనే పెట్టారు. పెద్దాయన టోపీ తీసి నిలబడ్డాడు, ఏమీ మాట్లాడలేదు. తిరిగొస్తూ క్రేగా కాలనీలో, బెస్ట్ పెరిగిన బరెన్ వే వీధిలో కారాపమన్నాడు. మామూలు ఇళ్ళ వరస, పిల్లలు ఆడుకునే పచ్చిక. పాప డిక్కీలోంచి బంతి తీసి కుడికాలితో గోడకేసి కొడుతోంది. ఎడమ కాలు బలహీనంగా ఉందని చిన్నప్పుడు బెస్ట్ టెన్నిస్ బంతితో పదేపదే సాధన చేసేవాడని దానికి పెద్దాయనే ఎప్పుడో చెప్పాడు. కారు అద్దం దించి, "ఇంకో కాలితో, ఇంకో కాలితో" అని అరిచాడు. పాప కాలు మార్చి కొట్టింది. బంతి పక్కకి పోయింది. పరిగెత్తి తెచ్చుకుని మళ్ళీ పెట్టుకుంది.