ఎవరబ్బ సొమ్ము?

శ్రీరామనవమి పందిట్లో మైకు అరిగిపోయేలా వేసేవాళ్లు, భద్రాచల రామదాసు కీర్తన "ఇక్ష్వాకు కులతిలక". చిన్నప్పటి నుంచి వింటున్న పాటే. మొన్న అంట్లు తోముకుంటూ వింటుంటే అందులోని క్రియాపదాలు మొదటిసారి చెవిన పడ్డాయి.

"సీతమ్మకు చేయిస్తి చింతాకు పతకము". చేయిస్తి, అంటే నేను చేయించాను. ప్రాకారాలూ తనే, భరతుడి పచ్చల పతకమూ తనే, శత్రుఘ్నుడి మొలతాడూ తనే. మరి డబ్బు దగ్గరకొచ్చేసరికి? "పట్టె పదివేల వరహాలు". పెట్టితి కాదు, పట్టె! నగలు ఈయన చేయించాడట, వరహాలు మాత్రం వాటంతటవే పట్టాయట. మన ఇళ్లలో గ్లాసు ఎప్పుడూ పగిలిపోతుందే గానీ ఎవరూ పగలగొట్టరు కదా, అదే వ్యాకరణం. పోయిన నెల క్రెడిట్ కార్డు బిల్లు చూసి ఇంట్లో నేనూ "ఖర్చయిపోయింది" అనే చెప్పాను.

కథ అందరికీ తెలిసిందే. 17వ శతాబ్దంలో కంచర్ల గోపన్న, అంటే ఈ రామదాసే, గోల్కొండ తానీషా కింద పాల్వంచ తహసీల్దారు, వసూలైన శిస్తుతో భద్రాచలంలో గుడి కట్టించి కోటలో ఖైదయ్యాడు. ఆయన భక్తి గురించి నాకే అనుమానమూ లేదు, నేను మాట్లాడేది పాటలో వినిపించే మనిషి గురించి.

ఆ మనిషి రాముణ్ణే నిలదీస్తాడు, ఎవరబ్బ సొమ్మని కులుకుతూ తిరుగుతున్నావు, మీ నాన్న దశరథుడు పెట్టాడా, మీ మామ జనకుడు పంపాడా అని. ఏం ప్రశ్న అసలు! కానీ ఈ ప్రశ్న తానీషా ఈయన్ని అడగాల్సింది, ఆ మాటకొస్తే ఈయన్ని ఖైదులో వేసిందే అందుకు. దశరథుడొచ్చాడు, జనకుడొచ్చాడు, ఆ శిస్తు కట్టిన రైతు మాత్రం పాటలో ఎక్కడా రాడు. అడిగే గొంతులో ఎంత బలముందంటే, ఇన్నేళ్లూ వింటూ నేను కూడా రాముడు ఏం జవాబు చెప్తాడా అనే చూశాను తప్ప, అడిగేవాడి వైపు తల తిప్పనేలేదు.

చివర్లో దిగొస్తాడు. అబ్బ తిట్టానని బాధపడకు, ఈ దెబ్బలు ఓర్చుకోలేక తిట్టానయ్యా అంటాడు. ప్రతిసారీ ఇక్కడ నాకు గొంతు పూడుకుపోతుంది, ఎందుకంటే ఆ దెబ్బలు అబద్ధం కాదు. కానీ ఒప్పుకున్నది తిట్టిన సంగతి ఒక్కటే, అది కూడా దెబ్బల ఖాతాలో రాసి. వరహాల ఊసు మళ్లీ ఎత్తడు.