వైరస్ చెప్పిన సాక్ష్యం

బెంఘాజీ కేసు మీద 2006లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన పరిశోధన పత్రం చదివాను. మనసు ఇంకా కుదుటపడలేదు.

లిబియాలోని బెంఘాజీ నగరంలో ఉన్న పిల్లల ఆసుపత్రిలో 400 మందికి పైగా పసివాళ్లకు హెచ్‌ఐవీ సోకింది. కావాలనే ఎక్కించారంటూ 1999లో ఐదుగురు బల్గేరియా నర్సులను, ఒక పాలస్తీనా డాక్టరును జైల్లో పెట్టారు. చిత్రహింసలు పెట్టి ఒప్పించారని మొత్తుకున్నా వాళ్లకు మరణశిక్షే పడింది.

పరిశోధకులు పిల్లల రక్తంలోని వైరస్ జన్యుక్రమాలను పక్కపక్కన పెట్టి చూశారు. హెచ్‌ఐవీ నకళ్లు తయారయ్యేటప్పుడు తప్పులు దొర్లుతూనే ఉంటాయి. అవి ఏ వేగంతో పోగవుతాయో తెలిస్తే, ఈ వైరస్‌లన్నిటికీ మూలం ఎప్పటిదో వెనక్కి లెక్కకట్టవచ్చు. అలా గీసిన వంశవృక్షంలో, ఆ నర్సులు 1998 మార్చిలో అక్కడ అడుగుపెట్టక ముందే కొమ్మలు చీలిపోయి ఉన్నాయి! ఆ పటం దగ్గరే చాలాసేపు ఆగిపోయాను. చాలామంది పిల్లల్లో హెపటైటిస్ సి కూడా ఉంది. దాని లెక్కా అదే చెప్పింది: ఆసుపత్రిలో రోగాలు అంటుకోవడం వాళ్ల రాకకు ముందు నుంచే ఉంది.

పత్రం వెలువడిన రెండు వారాలకే కోర్టు మళ్లీ మరణశిక్ష ఖరారు చేసింది. అక్కడే నాకు ఒళ్లు మండిపోయింది. 2007 జూలైలో వాళ్లు విడుదలయ్యారు, అదీ దౌత్యం పుణ్యాన. బిడ్డలకు ఈ జబ్బు సోకడం చూసిన తల్లిదండ్రుల ఆక్రోశం నాకు అర్థమవుతుంది. అసలు కారణం ఏమిటో వాళ్లకు ముందే, సూటిగా చెప్పి ఉండాల్సింది.