ఆపరేషన్‌కు కార్డుంది, డాక్టరుకు లేదు

నా గుండెలోని మిట్రల్ కవాటం ఇప్పుడు లోహంతో చేసినది. దాన్ని అమర్చినందుకు మా కుటుంబం ఆసుపత్రికి ఒక్క రూపాయి కట్టలేదు, ఆరోగ్యశ్రీ కట్టింది. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇక్కడి నుంచి రాసేదంతా ఫిర్యాదులా వినిపించవచ్చు. ఆ పథకమే లేకపోతే ఇది రాయడానికి నేను మిగిలి ఉండేదాన్ని కాదు.

మాది ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో మాదొకటి, మిగతావి అనంతపురం, శ్రీకాకుళం. మూడూ వెనుకబాటుకూ వలసలకూ పేరుపడ్డవే. గుండె జబ్బంటే ఉన్న చెలక అమ్ముకోవడమే అనుకునే ఇళ్లలో ఆ తెల్లకార్డు ఎంత ధైర్యమిచ్చిందో మా పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. నేను ఒక చిన్న ప్రైవేటు బడిలో తెలుగు చెబుతాను. మా ఆయన ఆటో నడుపుతారు.

2023 వానాకాలంలో ఆయాసం మొదలైంది. మొదట మేడ మీది తరగతికి ఎక్కేటప్పుడు, తర్వాత బోర్డు మీద నాలుగు వాక్యాలు రాసేసరికి. దసరా నాటికి వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడేది కాదు. గోడకు ఆనుకుని కూర్చుని తెల్లవారుజాము దాకా గడిపేదాన్ని. ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గు మందు ఇచ్చారు, తర్వాత ఉబ్బసమని పీల్చే మందు ఇచ్చారు. ఆయన మీద నాకు కోపం లేదు. అర్ధరాత్రి తలుపు కొడితే తీసేది మా ఊళ్లో ఆయనొక్కరే.

జబ్బును మొదట పసిగట్టింది ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని డాక్టరమ్మ. బయట వరుస పెరుగుతున్నా తొందరపడలేదు. నన్ను ఎడమ పక్కకు తిరిగి పడుకోమని, స్టెతస్కోపు రొమ్ము కింద పెట్టి, కళ్లు మూసుకుని చాలాసేపు విన్నారు. "చిన్నప్పుడు మోకాళ్లు వాచి జ్వరం వచ్చిందా?" అని అడిగారు. వచ్చింది. నాలుగో తరగతిలో ఉండగా ఒక మోకాలు తగ్గి ఇంకో మోకాలు వాచేది, అమ్మ వావిలాకు కాపడం పెట్టేది. గొంతునొప్పితో మొదలయ్యే ఆ కీళ్ల జ్వరం కొందరి పిల్లల్లో గుండె కవాటాలను దెబ్బతీస్తుందనీ, మూడు వారాలకొకసారి పెన్సిలిన్ సూది ఏళ్ల తరబడి వేయిస్తే ఆ నష్టాన్ని చాలావరకు ఆపవచ్చనీ ఆమె చెప్పేదాకా నాకు తెలియదు, అమ్మకూ తెలియదు. ఇరుకు గదుల్లో గుంపుగా పెరిగే పేద పిల్లలకే ఈ జబ్బు ఎక్కువట.

"ఎకో, అంటే గుండె స్కానింగ్, తీయించుకుని గుండె డాక్టరుకు చూపించు, ఆలస్యం చేయకు" అని చీటీ రాసిచ్చారు. అసలు కష్టం ఆ చీటీతో మొదలైంది.

దగ్గర్లోని పెద్దాసుపత్రిలో గుండె డాక్టరు పోస్టు ఖాళీగా ఉంది. పట్నంలోని ప్రైవేటు ఆసుపత్రి గోడ మీద ఆరోగ్యశ్రీ బోర్డు చూసి లోపలికి వెళ్లి కార్డు చూపించాను. "అడ్మిట్ అయితేనే ఇది పనికొస్తుందమ్మా, ఓపీకి కాదు" అన్నారు. డాక్టరు ఫీజు, ఈసీజీ, ఎకో, ఎక్స్‌రే, రక్త పరీక్షలు, అన్నీ చేతి నుంచే. ఈ చిక్కు అనుభవించని వాళ్లకు ఎలా చెప్పాలో తెలియడం లేదు. జబ్బేమిటో తేలాక కార్డు పని చేస్తుంది. జబ్బేమిటో తేల్చుకోవడానికి మాత్రం డబ్బు కావాలి. నా పుస్తెలతాడు తాకట్టుకు వెళ్లింది ఆపరేషన్ కోసం కాదు, ఆపరేషన్ అవసరమని తెలుసుకోవడానికి. తాకట్టు పెట్టడానికి అది కూడా లేనివాళ్లు ఆ చీటీని మడిచి ట్రంకుపెట్టెలో పెట్టి ఊరుకుంటారు. అలాంటివాళ్లను మా వీధిలోనే చూశాను. ఎకో దగ్గరే ఆగిపోయినవాళ్లు ఏ పథకం లెక్కల్లోనూ కనపడరు.

ఎకో తీసిన డాక్టరు తెరను నా వైపు తిప్పి చూపించారు. నాలుగు నుంచి ఆరు చదరపు సెంటీమీటర్లు తెరుచుకోవాల్సిన కవాటం ఒకటి కూడా తెరుచుకోవడం లేదు. సున్నం పేరుకుని గట్టిపడింది, పైగా లీకు ఉంది, కాబట్టి బెలూనుతో వెడల్పు చేయడం కుదరదు, మార్చాల్సిందే అన్నారు.

ఆ డిసెంబరు 9న తెలంగాణలో రెండు పనులు ఒకే రోజు జరిగాయి. ఆరోగ్యశ్రీ పరిమితిని పది లక్షలకు పెంచారు, ఆడవాళ్లకు ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగు బస్సుల్లో టికెట్ తీసేశారు. పత్రికలు మొదటిదాని గురించీ రాశాయి, రెండోదాని గురించీ రాశాయి, కానీ రెండింటినీ కలిపి చూసినవాళ్లు తక్కువ. నా వరకు నన్ను డాక్టరు ముందు కూర్చోబెట్టింది ఆ ఉచిత బస్సే. పరిమితి ఐదు లక్షలున్నా పది లక్షలున్నా హైదరాబాద్ వెళ్లిరావడానికి ఛార్జీ లేకపోతే అక్కడికి చేరేదెలా?

హైదరాబాద్‌లో మొదట వెళ్లిన నెట్‌వర్క్ ఆసుపత్రిలో, అంటే పథకంలో చేరిన ఆసుపత్రిలో, "కార్డా, క్యాషా?" అని అడిగారు. కార్డు అన్నాక పడకలు లేవన్నారు, వచ్చే నెల రమ్మన్నారు. వచ్చే నెల వెళ్తే సర్జన్ సెలవన్నారు. నా పక్కనే నిలబడి క్యాష్ అన్న పెద్దాయనకు అదే వారం తేదీ ఇచ్చారు. అప్పటికే నాకు దగ్గితే కళ్లెలో రక్తపు చార పడుతోంది. ఆ రోజు మా ఆయన మెట్ల మీద కూర్చుని ఆటో ఎంతకు పోతుందో ఫోనులో ఎవరినో అడుగుతుంటే విన్నాను.

చివరికి చేర్చుకున్నది ప్రభుత్వ ఆసుపత్రి. పథకం రోగులకు సాయం చేసే అక్కడి ఆరోగ్యమిత్ర అమ్మాయిని తలచుకోకుండా ఉండలేను. కార్డులో నా పేరు ఒకలా, ఆధార్‌లో ఒకలా ఉంది. "ఇది నేను చూసుకుంటానక్కా, మీరు వెళ్లి కూర్చోండి" అని ఎవరెవరికో ఫోన్లు చేసి, ఎకో సీడీ, రిపోర్టులు తనే ఎక్కించి, అప్రూవల్ వచ్చిన సాయంత్రం వార్డు దాకా వచ్చి చెప్పింది.

ఆపరేషన్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, మత్తులో జరిగింది. తర్వాతి వారాలే గుర్తున్నాయి. రొమ్ము ఎముకను నిలువునా కోసి తీగతో బిగిస్తారు కాబట్టి దగ్గు వస్తే ప్రాణం పోయినంత పనవుతుంది. దిండును ఛాతీకి హత్తుకుని దగ్గడం సిస్టర్ నేర్పింది. రోజూ ఒక గొట్టంలో ఊపిరి పీల్చి మూడు బంతులు పైకి లేపాలి. మొదటి రోజు ఒక్క బంతి కదలలేదు. మూడూ లేచిన రోజు వార్డులో అందరికీ చూపించాను. ఇంటికొచ్చాక వెల్లకిలా పడుకుని తెల్లారేదాకా నిద్రపోయాను. ఎన్నో నెలల తర్వాత అలా పడుకోవడం అదే మొదలు.

కవాటం టిక్కుమనడం బయటికీ వినిపిస్తుంది. పరీక్ష రాస్తున్న ముందు బెంచీ పాప తలెత్తి "టీచర్, మీ దగ్గర గడియారం ఉందా?" అని అడిగింది. ఉందన్నాను.

లోహపు కవాటం ఉన్నవాళ్లు రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం మాత్ర వేసుకోవాలి. నాకిచ్చేది అసిట్రోమ్. మోతాదు సరిపోయిందో లేదో ఐఎన్ఆర్ అనే రక్త పరీక్ష చెబుతుంది, నాకది రెండున్నర, మూడున్నర మధ్య ఉండాలి. తగ్గితే కవాటం మీద గడ్డ కట్టి పక్షవాతం రావచ్చు, పెరిగితే లోపల రక్తస్రావం కావచ్చు. పాలకూర, గోంగూర లాంటి ఆకుకూరలు ఒక వారం ఎక్కువ తిని ఒక వారం మానేసినా అంకె మారిపోతుంది. మానక్కర్లేదు, ఎప్పుడూ ఒకే కొలతలో తినమన్నారు. కూలీ దొరికిన వారం ఒకలా, దొరకని వారం ఒకలా వండుకునే ఇళ్లలో అదీ అంత సులువు కాదు.

పథకం కింద డిశ్చార్జి నాడు పది రోజుల మందులిచ్చారు, తర్వాత ఏడాది పాటు ఫాలో అప్ చూశారు. ఆ ఏడాది గడిచింది. కవాటం జీవితాంతం ఉంటుంది, ఫాలో అప్ మాత్రం ఏడాదే. ఇప్పుడు మళ్లీ నేను ఓపీ రోగిని, అంటే కార్డు పనికిరాని రోగిని. మా ఆరోగ్య కేంద్రంలో ఐఎన్ఆర్ చేయరు. పట్నం వెళ్లాలి, పరీక్షకు డబ్బు, చూపించుకోవడానికి డబ్బు, ఒక రోజు జీతం కోత. లక్షలు పోసి నిలిపిన ప్రాణాన్ని నెలకు కొన్ని వందల దగ్గర గాలికి వదిలేయడం ఏ లెక్కన చూసినా తప్పు. కేంద్రం 2018లో తెచ్చిన ఆయుష్మాన్ భారత్ బీమాదీ ఇదే తీరు, పడక మీద చేరితేనే వర్తిస్తుంది. 2025లో బకాయిలు రాలేదని రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రైవేటు నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపినప్పుడు ఆ పడక కూడా దక్కని పరిస్థితి వచ్చింది. బిల్లులు ఆపడం ప్రభుత్వం తప్పు కావచ్చు, తలుపు వేయడం ఆసుపత్రుల తప్పు కావచ్చు. బయట నిలబడింది మాత్రం మాలాంటి వాళ్లమే.

నేను కోరేవి పెద్దవేమీ కావు. వారానికి ఒక్క రోజైనా గుండె డాక్టరు మా దగ్గరి సర్కారు ఆసుపత్రికి రావాలి. అనుమానం ఉన్నవారికి ఎకో, కవాటం ఉన్నవారికి ఐఎన్ఆర్ కార్డు మీదే జరగాలి. పెన్సిలిన్ సూది ప్రతి ఆరోగ్య కేంద్రంలో ఎప్పుడూ ఉండాలి.

మొన్న మా నాలుగో తరగతి పిల్ల ఒకతె కుంటుతూ వచ్చింది. నిన్న కుడి మోకాలట, ఇవాళ ఎడమదట, ఒళ్లు కాలుతోంది. పత్తి ఏరుతున్న వాళ్లమ్మను పిలిపించి ఇద్దరినీ అదే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. పరీక్షలు చేసి కీళ్ల జ్వరమేనన్నారు. సూది మొదలుపెట్టారు. వచ్చే తేదీని పిల్ల నోటు పుస్తకం అట్ట మీద రాయించాను, నా డైరీలోనూ రాసుకున్నాను. ఎకో ఇంకా తీయించాలి. దానికి డబ్బు ఎక్కడి నుంచి తేవాలా అని ఆ తల్లి, నేను ఆలోచిస్తున్నాం.