రెండుసార్లు పడ్డ పద్దు

బరంపురంలో మా మావయ్య కిరాణా కొట్టుకి అప్పుల పద్దు కోసం చిన్న యాప్ రాసిచ్చాను. నిన్న సాయంత్రం నేను కొట్లో ఉండగానే ఒకావిడ పేరున 240 రూపాయలు ఎక్కించారు. జాబితాలో కనబడలేదు. మళ్లీ ఎక్కించారు. అదీ లేదు. యాప్ మూసి తెరిస్తే రెండూ ప్రత్యక్షం! "ఏరా, నా ఎర్ర అట్ట పుస్తకం ఎప్పుడైనా ఇలా చేసిందా?" అన్నారు. ఆవిడ ఒడియాలో ఏదో అని నవ్వింది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు.

రాత్రి చూస్తే తప్పు నాదే. వాడింది రూమ్ డేటాబేస్ (ఆండ్రాయిడ్ యాప్ తన డేటాని ఫోన్లో దాచుకునే లైబ్రరీ). క్వెరీ (డేటాబేస్‌ని డేటా అడిగే వాక్యం) మామూలు లిస్ట్ ఇస్తే ఒక్కసారి చదివి ఊరుకుంటుంది. ఫ్లో ఇస్తే టేబుల్ మారినప్పుడల్లా మళ్లీ చదివి పంపుతుంది. నేను పెట్టింది ఫ్లోనే, అందుకే అంత ధీమా. కానీ పద్దు రాసే స్క్రీన్‌లో అదే డేటాబేస్‌ని ఇంకోసారి విడిగా బిల్డ్ చేశాను (కాపీ పేస్ట్ పుణ్యం). ఫైలు ఒకటే, తెరిచిన చేతులు రెండు. మార్పు కబురు రాసిన ఇన్‌స్టాన్స్ (డేటాబేస్‌ని తెరిచిన ఒక్కో చెయ్యి) లోపలే తిరుగుతుంది, జాబితా చూసే రెండోదానికి చేరదు. మల్టీ ఇన్‌స్టాన్స్ ఇన్‌వాలిడేషన్ అని, ఆ కబురు మిగతా ఇన్‌స్టాన్స్‌లకీ చేరవేసే సెట్టింగ్ ఒకటి ఉంది గానీ, ఇంత చిన్న కొట్టుకి ఎందుకు? సింగిల్టన్ (యాప్ మొత్తానికీ ఒకటే ఇన్‌స్టాన్స్) చేశాను, మారింది పట్టుమని పది లైన్లు లేదు.

పొద్దున ఆవిడ పేరున ఒక 240 కొట్టేశాం. కొత్త పద్దు వేసిన వెంటనే జాబితాలో పైకొచ్చింది. మావయ్య తలూపి, అదే పద్దు ఎర్ర పుస్తకంలో కూడా రాసుకున్నారు. నేనేమీ అనలేదు.