అమావాస్య సెలవు: ఓరుగల్లు నుంచి నిర్మల్ దాకా వడ్రంగుల వెంట

చేతిపనుల గురించి రాసేవాళ్ళు వడ్రంగిని కలిసినప్పుడు అడిగే ప్రశ్నలు దాదాపు ఎప్పుడూ ఒకటే. ఏ కట్టె వాడతారు, రోజుకు ఎంత గిట్టుతుంది, పిల్లలు ఈ పనిలోకి వస్తున్నారా, రెడీమేడ్ ఫర్నిచర్ వచ్చాక గిరాకీ ఎట్లా ఉంది అని అడుగుతారు. అవి అడగవలసిన ప్రశ్నలే. కానీ ఉలి పక్కన పెట్టిన తర్వాత ఆ మనిషి ఏం చేస్తాడు, దేనిలో సంతోషపడతాడు అన్నది ఎక్కడా రాసినట్టు నాకు కనబడలేదు. ఆ ఒక్క సంగతి చూడాలనే మాఘమాసం చివర ఓరుగల్లుకు బయలుదేరాను. ఆ రోజులనే ఎంచుకోవడానికి కారణం ఉంది. అమావాస్య నాడు పనిముట్టు పట్టకపోవడం మన పల్లెల్లో వడ్రంగి, కమ్మరి, కంసాలి కుటుంబాలు చాలాకాలంగా పాటిస్తున్న ఆచారం. మాఘ బహుళ చతుర్దశి మహాశివరాత్రి, ఆ మరునాడే అమావాస్య. ఒక రాత్రి జాగారమూ ఒక పగలు సెలవూ ఒకదాని వెంట ఒకటి వస్తాయి కనుక, పనిలో లేని వడ్రంగులను చూడటానికి అంతకంటే అనువైన సమయం దొరకదు.

శివరాత్రి సాయంత్రం కాజీపేటలో రైలు దిగి హన్మకొండ చేరేసరికి వేయిస్తంభాల గుడి ముందు జనం రోడ్డు దాకా బారులు తీరి ఉన్నారు. రుద్రదేవుడు 1163లో కట్టించిన ఆ గుడిని అంత రద్దీలో చూడటం కుదిరే పని కాదు. నేను వెళ్ళవలసింది కూడా అక్కడికి కాదు. వరంగల్ స్టేషన్ అవతల, తలుపులు, దర్వాజలు చేసే దుకాణాలు వరుసగా ఉన్న ఒక గల్లీలో చిన్న శివాలయం ఉంది. జాగారం రాత్రి అక్కడ భజన చేసేవాళ్ళలో సగం మంది ఆ దుకాణాల వడ్రంగులేనని ఒక మిత్రుడు చెప్పాడు. పగలంతా కోత మిషన్ల మోతతో నిండిపోయే ఆ గల్లీలో ఆ రాత్రి షట్టర్లన్నీ దించి, గుడి ముందు రోడ్డు మీదే జంపఖానాలు పరిచారు.

అందరికంటే నా దృష్టిని ఆకర్షించినవాడు తబలా వాయించిన పెద్దాయన. అరవై దాటిన మనిషి. తబలా కుడి వాద్యానికి చుట్టూ బిగించిన తోలు వారుల కింద గుండ్రని కొయ్య ముక్కలు ఇరికించి ఉంటాయి. వాటిని కిందికి కొడితే చర్మం బిగిసి శ్రుతి పెరుగుతుంది, పైకి కొడితే తగ్గుతుంది. రాత్రి గడిచేకొద్దీ మంచు తేమకు చర్మం సడలి శ్రుతి జారిపోతూ ఉంటే, ఆయన ప్రతి కీర్తన చివర చిన్న సుత్తె తీసుకుని, హార్మోనియం మీద ఒక స్వరం పట్టి ఉంచమని సైగ చేసి, ఒక్కో ముక్కనూ తడుతూ, తల ఒక వైపుకు వంచి వినేవాడు. తెల్లవారుజామున చాయ్ ఇచ్చిన సమయంలో ఆ శ్రద్ధ గురించి అడిగాను. "కట్టె పని చేసేటోనికి చెవి గావాలె సార్. అప్పట్ల దూలం మీద కొట్టి సూస్తే పచ్చి కట్టెనో ఎండిన కట్టెనో, లోపట పుచ్చిందో మంచిగుందో సప్పుడే చెప్పేది. గిప్పుడు మిషన్ మోతల ఏం ఇనవడ్తది? నా చెవి బతికుందంటే ఈ తబలా మీదనే" అన్నాడు.

ఆ మాట నాకు ఈ యాత్ర అంతటికీ దారి చూపింది. దుకాణంలో ఇప్పుడు పనికిరాకుండా పోయిన నేర్పులు మనిషిలోంచి అంత తేలికగా పోవు, అవి ఎక్కడో ఒక చోటు వెతుక్కుంటాయి అన్న అనుమానం నాకు ముందే ఉండేది. ఆయన దాన్ని తన అనుభవంగా చెప్పాడు.

మరునాడు అమావాస్య. కొంచెం నిద్రపోయి లేచి, భజనలో తాళాలు వేసిన ఒక యువకుడితో కలిసి కోటకు వెళ్ళాను. అతను తలుపుల మీద నగిషీ పని చేసే దుకాణంలో ఉంటాడు. ఆ దుకాణంలో ఇప్పుడు తీగలూ పువ్వులూ దేవతల బొమ్మలూ అన్నీ కంప్యూటర్ నడిపే మిషనే చెక్కుతుంది. పలకను సరిగ్గా బిగించడం, చెక్కడం అయ్యాక ఉప్పు కాగితంతో రుద్ది నునుపు చేయడం మనిషి పని. సెలవు దొరికిన రోజు మాత్రం అతను ఒక నోటుపుస్తకమూ పెన్సిలూ పట్టుకుని కోటలోకి వచ్చి కూర్చుంటాడు. కాకతీయుల స్వయంభూ శివాలయం కూలిపోయినా దాని చుట్టూ నాలుగు దిక్కుల నిలిచి ఉన్న కీర్తితోరణాలు, వాటి మీది హంసలు, పూమొగ్గలు అతని బొమ్మలకు వస్తువులు. ఆ తోరణమే మన రాష్ట్ర చిహ్నంలో ఉన్నదని మనందరికీ తెలుసు, కానీ ఒక వడ్రంగి దాన్ని ఎట్లా చూస్తాడో నాకు ఆనాడే తెలిసింది. నిలువు స్తంభానికీ అడ్డ దూలానికీ మధ్య ఏటవాలుగా ఆనిన రాతి ఊతాలను చూపించి, "ఇది రాయి గాని సార్, కూర్పంత కట్టె పనిదే. ముందుగాల గిసుంటి తోరణం కట్టెతోనే చేసి ఉంటరు" అన్నాడు. రాతి కట్టడాలు అంతకు ముందున్న కొయ్య కట్టడాల రూపాన్ని అనుసరించాయని చరిత్రకారులు పుస్తకాల్లో చెప్పే మాటను, ఏ పుస్తకమూ చదవకుండా కేవలం బొమ్మ గీస్తూ గీస్తూ అతను పట్టుకున్నాడు. అతని నోటుపుస్తకంలో ఒక్క హంసకే పేజీలకు పేజీలు ఉన్నాయి. మెడ వంపు కుదరలేదని మళ్ళీ మళ్ళీ గీశాడు. ఈ బొమ్మలు తలుపుల మీదికి ఎక్కిస్తారా అంటే, అక్కర్లేదన్నాడు.

ఆ సాయంత్రం బస్సులో హుజూరాబాద్ వెళ్ళి, అక్కడి నుంచి జమ్మికుంట వైపు లోపలికి ఉన్న ఒక ఊరికి చేరాను. శ్రీరామనవమి నాటికి చిరుతల రామాయణం ఆట కట్టాలని ఆ ఊరివాళ్ళు రాత్రిపూట నేర్చుకుంటున్నారు. ఉత్తర తెలంగాణ పల్లెల్లో పెరిగినవాళ్ళకు ఈ ఆట గురించి చెప్పనక్కర లేదు. తెలియనివారి కోసం కొంచెం వివరిస్తాను. ఇది వృత్తి కళాకారుల ఆట కాదు. ఊరిలోని రైతులు, కూలీలు, రకరకాల పనులవాళ్ళు కలిసి ఒక గురువును పెట్టుకుని, పాటలూ అడుగులూ నేర్చుకుని, కాళ్ళకు గజ్జెలు కట్టి, చేతుల్లో చిరుతలు పట్టి, గుండ్రంగా తిరుగుతూ రామకథను కొన్ని రాత్రుల పాటు ఆడతారు. ఈ ఊళ్ళో రావణుడి వేషం ఒక వడ్రంగిది. నేను అతని కోసమే వెళ్ళాను, ఎందుకంటే బృందంలో అందరి చేతుల్లోని చిరుతలూ అతను చేసినవే.

చిరుతలు అంటే జంట కొయ్య పలకలు. దాదాపు జానెడు పొడవుంటాయి. ఒకదానిలో బొటనవేలూ రెండోదానిలో మిగిలిన వేళ్ళూ దూరి, పిడికిలి మూసి తెరిచినప్పుడల్లా రెండూ ఒకదానికొకటి తగిలి మోగుతాయి. పలకల చివర తొలిచిన సందుల్లో మేకుకు గుచ్చిన చిన్న ఇత్తడి బిళ్ళలు కొయ్య చప్పుడుకు జతగా గలగలమంటాయి. అతను వీటికి కొత్త కట్టె ముట్టుకోడు. పాత ఇళ్ళు కూల్చేచోటికి వెళ్ళి, దూలాల నుంచీ దర్వాజల నుంచీ బాగా ఎండి చేవదేరిన టేకు ముక్కలు ఏరి తెచ్చుకుంటాడు. ఒక చేతి జంటను ఒకే ముక్క నుంచి పక్కపక్కనే కోస్తాడు. వేరువేరు ముక్కలైతే గొంతు కలవదట. లోపలి ముఖాలను మిషన్ మీద పెట్టడు, చేతి రందాతోనే చదును చేసి, రెంటినీ కలిపి దీపం వైపు పట్టి మధ్యలో వెలుతురు కనబడకుండా అయ్యేదాకా పడతాడు. ఆ తర్వాత కొట్టి విని, మందంగా మోగితే వీపు వైపు కొంచెం తీసి మళ్ళీ వింటాడు. వరంగల్ పెద్దాయన చెప్పిన చెవి ఇక్కడ ఇంకా పనిలోనే ఉంది.

ఇంత పని చేసి బృందం దగ్గర డబ్బు తీసుకోడు. కారణం అడిగితే, "పైసలు తీసుకుంటే అది నా దందా అయితది, ఆట గాదు" అని ఊరుకున్నాడు. గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతున్న అతని భార్య ఆ మాట విని, "సారూ, మా ఇంట్ల పీట కాలు ఇరిగి ఏడాదైతాంది, దానికి చెయ్యి రాదు. చిరుతలంటే మాత్రం రాత్రికి రాత్రి చేస్తడు" అన్నది. అతను నవ్వి గజ్జెలు తీసుకుని బయటికి నడిచాడు.

భోజనాల తర్వాత హనుమంతుని గుడి ముందు బల్బు వెలుగులో నేర్పుడు మొదలైంది. గురువు పక్క ఊరివాడు, చేతిలో పాత నోటుబుక్కు. ఆయన ఒక చరణం అందుకుంటే మిగిలినవాళ్ళు దాన్ని తిరిగి పాడుతూ వలయంలో అడుగు కలుపుతారు. మొదట చిరుతలు మెల్లగా పడతాయి, పాట చివరికి వచ్చేసరికి దరువు వేగం పెరిగి కాళ్ళూ చేతులూ ఒకే దెబ్బ మీద ఆగాలి. ఆటో నడిపే కుర్రవాడు లక్ష్మణుడు. అతనికి ఆ ఆగడం కుదరడం లేదు, ఎప్పుడూ ఒక దెబ్బ ఎక్కువ పడుతోంది. రావణుడు తన వంతు కాకపోయినా లేచి వెళ్ళి అతని పక్కన నిలబడి, పాట లేకుండా ఉత్త చిరుతలతో ఆ దరువును మళ్ళీ మళ్ళీ చేయించాడు. దుకాణంలో పనివాళ్ళ మీద కోప్పడతాడని పేరున్న మనిషి ఆ గంటసేపు ఒక్కసారి కూడా గొంతు పెంచకపోవడం నేను గమనించాను. వడ్రంగి దుకాణానికి గిరాకీదారుడి కొలతా గడువూ ఉంటాయి. ఇక్కడ గడువు నవమి ఒక్కటే, కొలత మాత్రం ఆ మనుషులది. అందుకే అంత ఓపిక వచ్చిందని నా నమ్మకం.

ఉదయం కరీంనగర్, జగిత్యాల మీదుగా కోరుట్ల, మెట్‌పల్లి దాటి ఆర్మూర్ చేరి, అక్కడ బస్సు మారాను. ప్రయాణం పొడవునా పసుపు తీసిన చేలు. సోన్ దగ్గర వంతెన మీద గోదావరి దాటితే నిర్మల్ ఎంతో దూరం లేదు.

నిర్మల్ కొయ్యబొమ్మల గురించి తెలియని తెలుగువాళ్ళు అరుదు. పొనికి కట్టెతో పక్షులూ పండ్లూ జంతువులూ విడివిడి భాగాలుగా చెక్కి, అతికి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన లప్పంతో అతుకులు కప్పి, ఆ పైన రంగులు వేస్తారు. పొనికి చాలా తేలిక, మెత్తన, పగుళ్ళు తక్కువ. ఇంకో కట్టె దాని స్థానంలో సరిగ్గా కుదరదు. అందుకే అడవిలో పొనికి తగ్గిపోవడం ఆ పనివాళ్ళకు ఎంతోకాలంగా ఉన్న బాధ. నేను కలిసిన నకాషీ కళాకారుడు పగలు బొమ్మల పనిలో ఉంటాడు, సాయంత్రాలూ సెలవులూ మాత్రం తన పెరట్లో పొనికి మొక్కలు పెంచుతాడు. అతనికి ఇది ఉద్యమమూ కాదు, పథకమూ కాదు. "కొందరికి పావురాలు, కొందరికి పేకాట, నాకు ఇది" అన్నాడు.

ఈ అలవాటు ఎంత కష్టమైనదో ఆ పెరడు చూస్తే తెలిసింది. పొనికి ఆముదం కుటుంబానికి చెందిన చెట్టు. దాని గింజ పెంకు మందంగా, రాయిలా గట్టిగా ఉండటం వల్ల నాటిన వాటిలో మొలిచేవి చాలా తక్కువ. అతను అడవి అంచు ఊళ్ళకు సైకిల్ మోటారు మీద వెళ్ళి, పశువుల కాపరులను అడిగి, చెట్ల కింద రాలిన గింజలు తెస్తాడు. కొన్నిటిని నీళ్ళలో నానబెట్టి, కొన్నిటిని పెంకు ఒక వైపు ఆకురాయితో అరగదీసి, కొన్నిటిని పెంకు పగలగొట్టి లోపలి పప్పు మాత్రం తీసి నాటి, దేనికి ఏం చేశాడో సంచీ మీద రంగు చుక్కలతో గుర్తు పెడతాడు. బొమ్మలకు వేసే రంగే అది. పగలగొట్టేటప్పుడు పప్పుకు దెబ్బ తగిలితే గింజ పోయినట్టే కనుక, ఉలిని ఎక్కడ ఆనించాలో ఎంత బలంతో కొట్టాలో అతను నాకు చేసి చూపించాడు. గింజ వాలును వేళ్ళతో వెతికి, అతుకు గీత మీద చిన్న ఉలి పెట్టి, ఒకే తేలిక దెబ్బకు పెంకును రెండు చిప్పలుగా విడదీశాడు. బొమ్మ ముక్కూ రెక్కా తీర్చే చెయ్యి తప్ప మరొకటి ఆ పని అంత శుభ్రంగా చేయలేదని నాకు అనిపించింది. తన జీవనాధారం కోసం చేస్తున్నాడని చెప్పడం కూడా సరికాదు. ఈ మొక్క బొమ్మకు పనికొచ్చే లావుకు పెరిగేనాటికి తాను ఉలి పట్టే వయసులో ఉండనని అతనే చెప్పాడు.

కొత్త ఆకు విచ్చిన ఒక మొక్కను మాత్రం ఎండ తగలకుండా గోనెసంచి నీడలో పెట్టి, దాని పక్కనే చాలాసేపు కూర్చుని మాట్లాడాడు. తొలకరి పడగానే వీటిని ఊరి బడి ఆవరణలోనూ తెలిసిన రైతుల గట్ల మీదా నాటిస్తాడు. తీసుకునేవాళ్ళకు అతను పెట్టే షరతు ఒక్కటే. మేకలు ముట్టకుండా చుట్టూ ముళ్ళకంప వేస్తామని ఒప్పుకోవాలి, అది కూడా అతను స్వయంగా వచ్చి చూసిన తర్వాతే మొక్క చేతికిస్తాడు.