పెళ్లి క్యాసెట్లు, కాంబో రికార్డరు, మా ఆదివారాలు

మా ఇంట్లో టీవీ కింద ఇంకా డీవీడీ-వీసీఆర్ కాంబో రికార్డర్ ఉంది, మా బావగారు దుబాయ్ నుంచి వచ్చేసేటప్పుడు తెచ్చింది. ఒక పక్క క్యాసెట్ దూర్చే మూత, ఇంకో పక్క డిస్క్ ట్రే, మధ్యలో క్యాసెట్‌లోది డిస్క్‌లోకి ఎక్కించే డబ్బింగ్ బటన్. చుట్టాలందరూ ఆ బటన్ చూసే మురిసిపోతారు, నొక్కితే పనైపోతుందని సంచుల్తో క్యాసెట్లు తెచ్చి ఇస్తారు. కానీ ఇది పెన్‌డ్రైవ్‌లో ఫైల్ కాపీ కొట్టినట్టు కాదండీ, క్యాసెట్ ఎంతసేపు ఆడితే అంతసేపు కూర్చోవాల్సిందే. మనవైపు పెళ్లి క్యాసెట్లు ఎక్కువగా ఈ-180లు, అంటే ఒక్కోటి 3 గంటలు, అందులో గంట పైన భోజనాల బంతులే.

ఇక్కడే మొదటి తిరకాసు. మామూలు డిస్క్ 4.7 జీబీ, బొమ్మ నాణ్యత ఎంత ఉండాలో ఎంచుకునే మోడ్‌లుంటాయి, మంచి నాణ్యత ఎక్స్‌పీలో గంట పడుతుంది, ఎస్‌పీలో 2 గంటలు, నాణ్యత తగ్గే ఎల్‌పీలో 4 గంటలు. 3 గంటల క్యాసెట్ ఒకే డిస్క్‌లో ఇరికించాలని అందరూ ఎల్‌పీ పెడతారు, వద్దు. పాత క్యాసెట్ బొమ్మలో గీతలూ చుక్కలూ ఎక్కువ, డేటా తక్కువైతే ఆ చుక్కలన్నీ గళ్లు గళ్లుగా మారి పెళ్లికూతురి మొహం కూడా గళ్ల లుంగీలా అయిపోద్ది. నేనైతే ఎస్‌పీలోనే పెట్టి రెండు డిస్కుల్లోకి విడగొడతా, జీలకర్ర బెల్లం దాకా ఒకటి, తలంబ్రాల నుంచి ఇంకోటి.

అసలు క్యాసెట్ లోపలికి తొయ్యకముందే చూడాల్సింది బూజు. మాది కాకినాడ, ఉప్పుగాలి, చెమ్మ, ఇనప్పెట్టెలో పెట్టినా వదలదు. క్యాసెట్‌ని ట్యూబ్‌లైట్ కింద అటూ ఇటూ తిప్పి ఆ కిటికీలోంచి చుట్టని చూడండి, నల్లగా నున్నగా మెరుస్తుంటే పర్లేదు, అంచుల మీద తెల్లగా పిండి చల్లినట్టుంటే అది బూజు. పక్కనున్న చిన్న మీట నొక్కితే ముందు మూత లేస్తుంది, లోపల టేపు కూడా కనబడుద్ది. బూజు పట్టింది ఒక్కటి ఆడిస్తే చాలు ఆ తెల్లదంతా వెళ్లి టేపుని చదివే హెడ్‌కి పట్టేస్తది, మన దేశంలో వాడే పాల్ పద్ధతి మెషీన్‌లో ఆ హెడ్ ఉండే డ్రమ్ము నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంది మరి, ఆ తర్వాత పెట్టిన మంచి క్యాసెట్‌కి కూడా అంటిస్తుంది. బూజు ఉన్నవాటిని నేను ముట్టుకోను, అవి శుభ్రం చేసేవాళ్లకి ఇచ్చుకోమంటా, ఎవరేమనుకున్నా సరే. బాగున్నవాటిని కూడా ముందు చివరిదాకా ఫార్వర్డ్ కొట్టి మళ్లీ రివైండ్ చేసి అప్పుడు ఆడిస్తా, ఏళ్ల తరబడి కదలని చుట్టలు కదా.

ఇంకో తలనొప్పి ఏంటంటే రికార్డర్ ఉన్నట్టుండి ఆగిపోయి ఇది కాపీ చెయ్యకూడదు అంటుంది. కంపెనీ సినిమా క్యాసెట్ అయితే అర్థముంది, వాటిల్లో కాపీ కొట్టకుండా మాక్రోవిజన్ సిగ్నల్ పెట్టేవాళ్లు. మా పెద్దమ్మ పెళ్లికి ఎవరు పెడతారు? టేపు అరిగిపోయి సిగ్నల్ ఊగుతుంటే మెషీన్ దాన్నే ఆ తాళం అనుకుంటుంది, అంతే. ట్రాకింగ్, అంటే హెడ్ టేపు మీద సరైన గీత వెంట నడిచేలా చేసే సర్దుబాటు, సరిచేసి (ప్లే అవుతుండగా చానల్ బటన్లే ట్రాకింగ్‌కి పనికొస్తాయి చాలా మోడల్స్‌లో) కొంచెం ముందు నుంచి మళ్లీ మొదలెడితే ఒక్కోసారి దారికొస్తుంది.

అన్నట్టు క్యాసెట్ వెనక వీపు మీద ప్లాస్టిక్ ముక్క ఇంకా ఉంటే ముందు అది విరిచేయండి. అది ఉన్నంతకాలం దానిమీద ఎవరైనా రికార్డింగ్ చేసెయ్యొచ్చు. ఆ పెద్దమ్మ క్యాసెట్‌లోనే అప్పగింతలు, అందరూ ఏడుస్తున్నారు, టక్కుమని బొమ్మ ఎగిరి దూరదర్శన్ వార్తలు. ఎవరి పనో ఇప్పటికీ ఎవరూ ఒప్పుకోరు.

ఆఖర్న డిస్క్‌ని ఫైనలైజ్ చెయ్యాలి, అంటే రాయడం అయిపోయిందని మెనూలోంచి మూసెయ్యాలి, లేకపోతే ఆ డిస్క్ ఈ మెషీన్‌లో తప్ప వేరే ప్లేయర్లలో చాలావరకు ఆడదు. కానీ డిస్క్ అయ్యింది కదా అని క్యాసెట్ పారేసేవాళ్లని చూస్తే మాత్రం నాకు మండుద్ది. ఇంట్లో రాసుకునే డిస్క్‌లో డేటా ఉండేది ఒక పల్చటి రంగు పొర మీద, ఎండకీ వేడికీ అది పాడైపోతుంది. మొదట్లో రాసిన మా డిస్కులు కొన్ని ఇప్పుడు ఎందులోనూ చదవట్లేదు, వాటి క్యాసెట్లు మాత్రం నిక్షేపంలా ఆడుతున్నాయి, మళ్లీ ఎక్కించాను. ఇప్పుడైతే డిస్క్ అవ్వగానే కంప్యూటర్‌లో పెట్టి అందులో వీడియో ఉండే వీఓబీ ఫైళ్లన్నీ రెండు హార్డ్‌డిస్కుల్లోకి లాగేస్తున్నా.

మెషీన్ కూడా ఎన్నాళ్లుంటుందో. చివరిదాకా వీసీఆర్‌లు చేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ వాళ్లు కూడా 2016 జులైలో వీసీఆర్‌ల తయారీ ఆపేశారు, కొత్తవి ఇక రావు, ఎవరైనా పాతది అమ్ముతుంటే కొనేముందు మీ క్యాసెట్ ఒకటి పట్టుకెళ్లి రివైండ్, ప్లే రెండూ అక్కడే చేయించుకోండి, డిస్క్ పక్క బాగుంది చాలు అంటే నమ్మొద్దు. డిస్క్ రాసేది కంప్యూటర్‌కి ఎప్పుడైనా దొరుకుద్ది, పోయేది క్యాసెట్ ఆడించే డెక్కు పక్కే.